రెండోసారి మోగని ఫోన్

దయ్యం కథ చెప్పని మనిషి మా ఊళ్లో లేడు. అలాంటి కథను నమ్మిన రోజు నా బతుకులో లేదు. మల్దకల్ దగ్గర మా ఊరు. వాగు ఒడ్డున తెల్లచీరతో ఎవరో తిరుగుతోందని చిన్నప్పుడు చెబితే, ఆ చీర ఉతికేదెవరని అడిగి చీవాట్లు తిన్నదాన్ని నేను. ఇప్పుడు ఇది రాస్తున్నది నమ్మకం మారి కాదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెట్టకపోతే నాకు ఊపిరాడటం లేదు.

ముందు నా పని గురించి కొంచెం చెప్పాలి. వనపర్తిలో అద్దె ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీ ఒకదానికి పనిచేస్తాను. లినక్స్ పేరు మీరు వినే ఉంటారు. ఏ ఒక్కరి సొంతమూ కాని ఆపరేటింగ్ సిస్టమ్ అది. ఎవరైనా తెచ్చుకోవచ్చు, విప్పి చూడొచ్చు, బాగుచేసి నలుగురికీ ఇవ్వొచ్చు. ఇంట్లో కంప్యూటర్ ఆగిపోతే తిట్టుకుని మళ్లీ ఆన్ చేసుకుంటాం. పెద్ద సంస్థల సర్వర్లతో అలా కుదరదు. అవి ఆగకుండా నడిచేలా దాన్ని గట్టిపరచడం మా బృందం పని.

అందులో నా వాటా చిన్నది. ముఖ్యమైన చోట్ల సర్వర్లు జంటగా ఉంటాయి. ఒకటి పనిచేస్తుంటే రెండోది కాచుకుని ఉంటుంది. మొదటిది క్షణక్షణానికీ ‘బతికే ఉన్నాను’ అని రెండోదానికి ఒక సంకేతం పంపుతుంది. దాన్ని హార్ట్‌బీట్ అంటాం. అది ఆగిందంటే రెండోది బరువంతా తన నెత్తికెత్తుకుంటుంది. ఆ సంకేతం సంగతి చూసుకునేది నేను.

అమ్మకు ఒకసారి ఇది వివరించబోతే మధ్యలోనే ఆపేసింది. “గింతేనా? మీ నాయిన మిస్డ్ కాల్ లెక్కనే గదనే!” అంది. నా ఉద్యోగం గురించి అంత బాగా నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేకపోయాను.

నాయన పేరు ఏసేపు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ కూలి గుంపులతో తిరిగినవాడే. కాలువలు, రోడ్లు, కరెంటు స్తంభాలు, ఎక్కడ పని ఉంటే అక్కడ. ఎక్కడున్నా పొద్దు గూకగానే అమ్మ ఫోన్‌కు ఒక్క మిస్డ్ కాల్ ఇస్తాడు. బాగున్నాను, తిన్నాను, ఎత్తొద్దు అని దాని అర్థం. వెంటనే రెండోసారి మోగితే ఏదో అవసరం పడింది, మీరు చెయ్యండి అని. మా వాడలో వలసపోయిన మనిషి ఉన్న ప్రతి ఇంటికీ ఇదే పద్ధతి. మాటకింత అని డబ్బు కట్ అయ్యే రోజులు ఎప్పుడో పోయినా నాయన మాత్రం మానలేదు. ఇప్పుడంతా ఉచితమే, కాసేపు మాట్లాడొచ్చు కదా అంటే “ఏం మాట్లాడాలె బిడ్డా, రోజూ గదే గద” అని నవ్వేవాడు.

ఒక్కసారి ఆ కాల్ రాలేదు. అమ్మ శోకాలు పెట్టింది, చుట్టాలు దిగారు, పాస్టరు వచ్చి ప్రార్థన మొదలుపెట్టాడు. తెల్లారి నాయన సంచి భుజాన వేసుకుని బస్సు దిగాడు. ఫోన్‌లో చార్జింగ్ లేదట. బతికున్న మొగుడికి ఏడ్చిందని అమ్మను ఇప్పటికీ ఆటపట్టించే వదినలున్నారు. అలా నవ్వులపాలయ్యాక, మిస్డ్ కాల్ వచ్చిందంటే చాలు, ఇంకెవరేం చెప్పినా అమ్మ నమ్మేది కాదు.

రెండోసారి మోగడం మాత్రం మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. కాలి మీద బండ పడి మడమ చీలినప్పుడు కూడా నాయన రోజూ ఒక్క మిస్డ్ కాలే ఇచ్చాడు. ఇంటికి కుంటుకుంటూ వచ్చాకే ఆ సంగతి మాకు తెలిసింది.

ఈ మధ్య ఆయన సోమశిల దగ్గర పైపులైను కందకం తవ్వే పనికి వెళ్లాడు. మేస్త్రి కొత్తవాడు, మా ఇంటివాళ్లెవరో అతనికి తెలియదు. మోకాళ్ల నొప్పులతో అమ్మ నా దగ్గరికి వచ్చేసింది కాబట్టి ఊళ్లో ఇంటికి తాళం.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకొక ఫిర్యాదు వచ్చింది. ఎక్కడో ఒక సంస్థలో మొదటి సర్వర్ డిస్క్ బిగుసుకుపోయింది. ఒక్క పని చేయదు, ఎవరు అడిగినా పలకదు. కానీ హార్ట్‌బీట్ పంపే చిన్న ప్రోగ్రామ్‌కు డిస్క్‌తో పనిలేదు. మెమరీలో కూర్చుని ‘బతికే ఉన్నాను, బతికే ఉన్నాను’ అని పంపుతూనే ఉంది. రెండోది నమ్మింది, చేతులు కట్టుకుని కూర్చుంది. వాళ్ల పనంతా ఆ రోజు నిలిచిపోయింది. ఇంట్లో రెండు పాత మిషన్లు పెట్టుకుని అదే తప్పును మళ్లీ రప్పించి చూస్తున్నాను.

అలా చూస్తున్న ఒక మధ్యాహ్నం ఊరి నుంచి చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, అమ్మకు ఫోన్ చేశాడు. స్పీకర్‌లో నేనూ విన్నాను. “వదినా, అన్న మీద కందకం మట్టి కూలిందంట. నిన్న పగటీలి. నాగర్‌కర్నూల్ దవాఖానకు తీస్కపోయిండ్రంట. మేస్త్రి పంపిన మనిషి మీ ఇంటికి తాళం ఉన్నదని ఎవరికో చెప్పి పోయిండు, నాకు ఇప్పుడే ఎరుకైంది. జర పోయి చూడుండ్రి.”

అమ్మ బెదరలేదు. “నిన్న పగటీలా? నిన్న మాపు మిస్డ్ కాల్ చేసిండు గద. ఆ గుంపుల ఇంకో ఏసేపు ఉన్నడు. ఆయిన అయ్యుంటడు, పాపం” అంది.

అమ్మ ఫోన్ తీసి చూశాను. ముందురోజు సాయంత్రం ‘నాయన’ పేరు మీద మిస్డ్ కాల్ ఉంది. నాయనకు చేస్తే స్విచ్ఛాఫ్. పగలు చార్జింగ్ దాచుకోవడానికి ఆపేయడం ఆయన అలవాటు. మేస్త్రి నంబరు చిన్నాయన దగ్గరా లేదు, కనుక్కుంటానన్నాడు. మధ్యాహ్నం మట్టి కింద పడి దవాఖానలో ఉన్న మనిషి సాయంత్రం మిస్డ్ కాల్ ఎలా ఇస్తాడు? నాకూ అమ్మ మాటే సబబనిపించింది. ఇవాళ సాయంత్రం కాల్ రాకపోతే బయలుదేరదాం అనుకున్నాం.

వచ్చింది. అమ్మ జొన్నరొట్టె తడుతోంది, ఫోన్ నా పక్కనే బల్ల మీద ఉంది. తెర మీద ‘నాయన’ అని పేరు వెలిగింది. ఒక్కసారి మోగి ఆగింది. “సూడు, నేను చెప్పలే?” అంది అమ్మ పిండి చేతులతోనే. మనసు ఊరుకోక నేను వెంటనే తిరిగి చేశాను. స్విచ్ఛాఫ్. మిస్డ్ కాల్ ఇచ్చి ఆపేయడం కూడా ఆయన అలవాటే. రెండోసారి మోగలేదు. హాయిగా రొట్టెలు తిన్నాం.

తెల్లారాక మేస్త్రే ఫోన్ చేశాడు. చిన్నాయన ఎలాగో అతన్ని పట్టుకుని మా నంబరు ఇచ్చాడు. “ఏందమ్మా, మనిషి గట్ల పడి ఉంటే ఒక్కరు రాకపోతిరి!” అని కోప్పడ్డాడు. మడమ మీద చీలిన పాత మచ్చ ఉందా అని అడిగాను. ఉందన్నాడు.

మేము బస్సులో ఉండగానే నాయన పోయాడు.

ఇంకెవరో అయి ఉంటారనే ఆశ దవాఖాన మంచం దాకా కూడా అమ్మ వదల్లేదు. దుప్పటి జరిపి ముందు పాదాలు చూసింది. తర్వాత ముఖం వైపు వెళ్లకుండా ఆ పాదాలు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. ఆమెను పట్టుకోవడం తప్ప నాకేం చేతకాలేదు.

మేస్త్రి ఒక ప్లాస్టిక్ కవరు ఇచ్చాడు. అందులో నాయన ఫోన్ ఉంది. మట్టి కూలినప్పుడు చొక్కా జేబులో ఉందట. రెండుగా వంగిపోయింది, తెర పొడి అయింది, సందుల్లో ఎర్రమట్టి ఎండి ఉంది. సిమ్ లోపలే ఇరుక్కుపోయింది. దవాఖానకు తెచ్చిన రోజు నుంచీ ఆ కవరు విప్పలేదన్నాడు.

వార్డు ఊడ్చే ఆయమ్మ మా దగ్గరికి వచ్చింది. “మీరేనా ఆయిన మనుషులు? తెలివైతే లేకుండె అమ్మా. గని పొద్దు గూకంగనే కుడిచెయ్యి కదిలిచ్చేటోడు. బొటనవేలు గిట్ల ఒత్తేటోడు” అని తన వేలితో గాలిలో ఒత్తి చూపించింది. “రెండు మాపులూ గట్లనే చేసిండు. ఒక్కసారే ఒత్తి, ఇగ సల్లగ పండేటోడు.”

ఆమెకు మా మిస్డ్ కాల్ పద్ధతి తెలియదు. మేము చెప్పలేదు.

కారణం వెతకడమే నా వృత్తి కాబట్టి వెతికాను. నాయన నంబరు నుంచి బయటికి వెళ్లిన కాల్స్ తెప్పించాను. మట్టి కూలడానికి ముందురోజు సాయంత్రం వెళ్లిన మిస్డ్ కాలే చివరిది, ఆ తర్వాత ఏమీ లేదు. అమ్మ ఫోన్‌లో మాత్రం మరో రెండు ఉన్నాయి. నెట్‌వర్క్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చి ఉండొచ్చని నాతో పనిచేసే అతను అన్నాడు. ఇరుక్కున్నవి రెండు రోజులూ సరిగ్గా పొద్దు గూకే వేళకే ఎందుకు విడుదలయ్యాయో అతనికీ తెలియదు. ఎవరైనా ఆ నంబరు దొంగిలించి ఉంటారా? ఒక్క మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకోవడానికి దొంగతనం ఎవరు చేస్తారు? దేవుడు మీకు ఓదార్పు పంపాడని పాస్టరు అన్నాడు. ఆయన మీద నాకు చచ్చేంత కోపం వచ్చింది. ఆ ఓదార్పే రాకపోయి ఉంటే మొదటి సాయంత్రమే బయలుదేరేవాళ్లం. నాయన బతికేవాడో లేదో డాక్టర్లు చెప్పలేమన్నారు. కనీసం ఒంటరిగా పోయేవాడు కాదు.

దినాలు అయ్యాక వనపర్తి వచ్చి ఆగిన పని పూర్తిచేశాను. ఇప్పుడు రెండో సర్వర్ ఉత్త హార్ట్‌బీట్‌ను నమ్మదు. మధ్యమధ్యలో మొదటిదాన్ని పిలిచి, డిస్క్ మీద ఒక ముక్క రాసి చూపించమంటుంది. చూపించకపోతే, అది బతికే ఉన్నానని ఎంత మొత్తుకున్నా వినకుండా బరువు తను అందుకుంటుంది. సంకేతం వస్తున్నా ఎందుకు నమ్మకూడదని నేను రాసింది సరిచూస్తూ ఇంకో దేశం నుంచి ఒకాయన అడిగితే డిస్క్ సంగతి మాత్రమే రాశాను. నా మార్పును ఒప్పుకున్నారు. అది ఎక్కడెక్కడి సర్వర్లలోనో నడుస్తోంది.

అమ్మ నా దగ్గరే ఉంటోంది. పొద్దు గూకే వేళకు పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చి ఫోన్ పక్కన కూర్చుంటుంది. అది మోగదు. ప్రతిసారీ అదే మాట అంటుంది.

“రెండోసారి చేస్తే పోయేటోళ్లం గద బిడ్డా. ఎందుకు చెయ్యలే?”

పగిలిన ఫోన్‌తో, స్పృహలేని మనిషి ఆ మొదటిసారి ఎలా చేశాడని ఆమె ఒక్కనాడూ అడగలేదు.