చుక్క కట్టిన కిటికీ

తడిపిన న్యూస్‌పేపరుతో అద్దం తుడిస్తే సిరా, తడి, మసి కలిసిన ఒక వాసన వస్తుంది. ఈ ఉదయం పదకొండింటికి, అంటే నా లెక్కలో తెల్లవారుజామున, నా అద్దె ఫ్లాట్ కిటికీ దగ్గర అది ముక్కుకు తగిలింది. ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు. ఈ మధ్య ఆ రెండూ మా ఇంటికి పెద్దగా రావు.

చిన్నప్పటి మా ఇల్లు విశాఖలో రేవుకు దగ్గర. నాన్న పోర్టులో క్రేన్ నడిపేవారు. రేవు బొగ్గుకుప్పల నుంచి గాలి మోసుకొచ్చే నల్లపొడి ఆయనకంటే ముందే ఇల్లు చేరి, ఆరు కిటికీల అద్దాల మీద, ఆరేసిన దుప్పట్ల మీద, ఊరగాయ జాడీ మూత మీద ఎవరినీ అడక్కుండా కూర్చునేది. డిసెంబరులో ఆ గాలికే ఫిషింగ్ హార్బర్ ఎండుచేపల వాసన, మా వంటింటి బెల్లం పాకం వాసన తోడయ్యేవి. నాన్నమ్మ అరిసెలు నొక్కుతూ, గులాబీ పువ్వుల అచ్చు నూనెలో ముంచుతూ, చర్చి పాటలు తనకొచ్చిన వరసలో పాడుకునేది. దేవుడు అలవాటుపడే ఉంటాడు.

చివరి గదిలో మేరీ అత్త, నాన్న చెల్లెలు, రోజుల తరబడి గోడవైపు తిరిగి పడుకునేది. జ్వరం కాదు, నొప్పి కాదు. అడిగినవాళ్ళకు అమ్మ "నీరసం" అని చెప్పేది. నా సంగతికి ఆపాటి పేరు కూడా లేదు. చెప్పిన పని మధ్యలో మాయమయ్యే పిల్లని, అంతే.

నా తొమ్మిదో ఏట, క్రిస్మస్ ముందు రోజు, చీకటి పడగానే వచ్చే చర్చి పాటలవాళ్ళతో నన్నూ ఇల్లిల్లూ తిరగనిస్తానంది అమ్మ, ఈలోగా ఆరు కిటికీలూ తుడిస్తే. నాకు అంతకంటే కావలసింది లోకంలో లేదు. మొదటి కిటికీ సగంలో ఉండగా పేపర్లో సర్కస్ ఏనుగు కనిపించింది. రెండోదాని సగంలో ఓడ కూత విని డాబా ఎక్కాను. అయిదోదాని దగ్గర, బకెట్ ఎక్కడ పెట్టానో వెతకబోయి గులాబీ పువ్వుల పళ్ళెం దగ్గర తేలాను. సాయంత్రం అమ్మ వచ్చి చూసింది.

"ఏటే, పొద్దున్నించి ఏటి సేత్తన్నావ్? ఏ కిటికీ సూసినా సగమే!"

"అన్నీ మొదలెట్టీసేనమ్మా."

"ఐతే ఎల్లడం కూడా గుమ్మం దాకా ఎల్లి వచ్చీ."

బకెట్ పక్కన కూలబడ్డాను. నాన్నమ్మ కాగితం చుక్కను, అదే క్రిస్మస్ నక్షత్రాన్ని, పట్టుకొచ్చి పక్కన కూర్చుంది.

"ఓలమ్మీ, ఆరూ నీ వల్ల అవ్వవు గానీ, ఒక్కటి తుడు. మీ అత్త గదిది. సుక్క దానికే కడదాం."

"మరి మిగతావి?"

"ఆ గదుల్లో లైట్లార్పీ. సీకట్లో నలుపెవులు సూత్తారు? ఎలాగూ రేపటికి మల్లీ నల్లగైపోతాయి. ఆ పొడి పని అది సేత్తాది, దాన్తో నీకేటి పోటీ?"

తుడిచాను. నాన్నమ్మ సాయం చెయ్యలేదు, ఉత్తినే పక్కన కూర్చుంది. అదీ ఒక వైద్యమేనని ద్వారకా నగర్‌లో నన్ను చూసే డాక్టరుగారు చెప్పడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది.

పాటలవాళ్ళు వచ్చారు. అమ్మ వెలుగుతున్న చుక్కను, చీకటి గదులను, నన్ను వరసగా చూసి "ఎల్లు" అంది. రెండు వీధులు దాటాక చూసుకుంటే చేతిలో తడి పేపరు అలాగే ఉంది. ఆ రాత్రి ఇంట్లో అత్త లేవలేదు. కాకపోతే గోడవైపు నుంచి కిటికీవైపు తిరిగింది. మా ఇంట్లో దాన్నే పండగ అనుకున్నారు.

ఇప్పుడా ఇల్లు లేదు, నాన్నమ్మ లేదు, అత్తా లేదు. డాక్టరుగారు నాకు రెండు పేర్లు రాసిచ్చారు: ఏడీహెచ్‌డీ, డిప్రెషన్. మొదటిది నాది, రెండోది అత్తది. రెండూ నేనే వాడుతున్నాను. మాత్రలు ఫోను అరిచినప్పుడు వేసుకుంటాను. ఫ్లాట్‌కు నాలుగు కిటికీలు. మంచం పక్కది తుడుస్తాను. మిగతా మూడింటిని చూసి సిగ్గుపడడం మానేసి కొన్నేళ్ళయింది.

కిందటి డిసెంబరు చుక్క ఇంకా మంచం పక్క కిటికీకే వేలాడుతోంది. ఇది జూలై. ఎదురింటావిడ నా భక్తి చూసి ముచ్చటపడుతోంది. నిజానికి తియ్యడం మర్చిపోయాను. ఇవాళ గుర్తొచ్చి స్టూలు ఎక్కాను, దాని మీది నల్లపొడి ఊదాను, అక్కడే వదిలేసి దిగాను. తరవాత మళ్ళీ పడుకున్నాను, కిటికీవైపు తిరిగి.