అత్త పట్టు వదిలిన రోజు

పోయిన నెలలో మా అత్త కర్నూలు ఆసుపత్రిలో చనిపోయింది. డెంగీ జ్వరం. ఆమెను ఎరిగినవాళ్లు చాలామంది మొదట నమ్మలేదు. అంత గట్టి మనిషిని దోమ ఏం చేస్తుందని మా వీధిలో ఒకాయన నాన్ననే అడిగాడు. నాన్నకు ఆమె ఒక్కతే చెల్లెలు.

అత్త పని కొట్లాట. దాన్ని ఎమ్మెమ్మే అంటారు. చుట్టూ ఇనుప వల కట్టిన బోనులో ఇద్దరు తలపడతారు. గుద్దవచ్చు, తన్నవచ్చు, కింద పడేసి మెడో చెయ్యో మెలిపెట్టి పట్టవచ్చు. పెద్దకడుబూరు దగ్గర పత్తి పండించే ఇంట్లో పుట్టిన పిల్ల బడిలో జూడో నేర్చుకుని, బెంగళూరు వెళ్లి, దాన్నే బతుకుతెరువు చేసుకుంది. ఊళ్లో అందరూ వద్దన్నప్పుడు ఆమెను బెంగళూరు బస్సు ఎక్కించి, తానూ పక్కన కూర్చుని వెళ్లినవాడు మా నాన్న.

అప్పటికే మేం ఆదోనికి వచ్చేశాం. నాన్నకు జిన్నింగు మిల్లులో పని. నేను సిస్టర్ల కాన్వెంటులో చదివాను. నలుగురిలో నోరు తెరవడం నాకు ఇప్పటికీ చేతకాదు. అత్త దాన్ని ఎప్పుడూ తప్పు పట్టలేదు. "మాట్లాడకుంటే ఏంమే, నువ్వు బాగా సూస్తావు. సూసేటోళ్లు గూడా కావల్ల" అనేది.

ప్రతి పోటీకి ముందు ఒకసారి వచ్చి, మా దగ్గర ఉండే జేజిని, అదే మా నాన్నమ్మను, చూసిపోయేది. అవి బరువు తగ్గించుకునే రోజులు. జేజి కావాలనే ఆ పూట బొరుగుల ఉగ్గాని, బజ్జీలు చేసేది. అత్త ముట్టుకునేది కాదు. నా పళ్లెం ముందు బాసిపట్టు వేసుకుని కూర్చుని, "నువ్వు తినుమే, నేను సూస్తా" అనేది. నేను మిరపకాయ బజ్జీ కొరికితే ఆమె కళ్లు మూసుకునేది.

"బోను పులులకు గదే, నీకేల?" అని జేజి సతాయించేది.

"పులే గదమ్మా లోపలికి పొయ్యేది."

"పులి అయితే బజ్జీ తినదా?"

ఆమె చెవులు దెబ్బలకు వాచి, గట్టిపడి, ముడుచుకుపోయి ఉండేవి. వాటిని దాచుకునేది కాదు. తలస్నానం చేసిన రోజు వాటి మీదుగా మల్లెపూల దండ వేలాడేలా పెట్టుకుని మా వీధి చివరి దాకా నడిచి వచ్చేది.

గెలిచిన పోటీలు చాలా ఉన్నాయి. నేను చెప్పాలనుకుంటున్నది ఓడిపోయినదాని గురించి. అది ఛాంపియన్ బెల్టు కోసం జరిగిన పోటీ, ముంబైలో. నాన్న మిల్లులో అందరికీ చెప్పి బయలుదేరాడు. ఇంగ్లీషు మాట్లాడడానికి ఉంటానని నన్నూ తీసుకుపోయారు. హోటల్లో నేను ఇంగ్లీషులో చెప్పినదాని కంటే అత్త చేతులతో సైగ చేసి చెప్పిందే వాళ్లకు ఎక్కువగా అర్థమైంది.

నాన్నా నేనూ బోనుకు బాగా దగ్గరగా కూర్చున్నాం. చివరి రౌండులో అత్త ఎదుటి అమ్మాయిని కింద పడేసి, వెనక నుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించింది. రెఫరీ అవతలి వైపు ఉన్నాడు. ఆ అమ్మాయి చెయ్యి మా వైపుకు వచ్చి, అత్త తొడ మీద తట్టింది. తట్టడమంటే ఇక నా వల్ల కాదని ఒప్పుకోవడం. నేర్చుకునేచోట, తట్టిన మరుక్షణం వదిలెయ్యాలి. బోనులో మాత్రం రెఫరీ వచ్చి ఆపేదాకా పట్టు వదలకూడదు. కొత్తవాళ్లకు కూడా మొదటి రోజే చెప్పే మాట అది.

అత్త వదిలింది.

రెఫరీ తట్టడం చూడలేదు. ఆడమని చెయ్యి ఊపాడు. అత్త లేచి, చేతులు దించుకుని, ఆయన వైపు తిరిగింది. ఆ అమ్మాయి దగ్గుతూ లేచింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత పక్క నుంచి గుద్దింది. అత్త పడిపోయింది. పోటీ అయిపోయింది. తర్వాత వీడియో వేసి చూశారు. అందులో ఆ చెయ్యి అత్త ఒంటి చాటున పడి కనిపించలేదు. మేం చూశామని చెప్పాం. ఇంటివాళ్ల మాట లెక్కలోకి రాదన్నారు.

లోపలి గదిలో అత్త కనుబొమ మీద నేను మంచు సంచి పట్టుకున్నాను. నాన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"యాల వదిలినావు?"

"తట్టిందన్నా."

"రెఫరీ సూడల్యా."

"నా తొడ మీద తట్టింది. సెప్పింది నాకు, ఆయప్పకు కాదు."

"ఆయప్ప ఆపేదాకా పట్టుకోవల్లని నీకు తెలీదా?"

"తెలుసు."

"మల్ల?"

అత్త మంచు సంచి పక్కకు జరిపి ఆయన్ను చూసింది. "గొంతు నా సేతిలో ఉన్నాది. సాలని సెప్పినాంక ఇంగా ఎట్ల బిగిస్తానన్నా?"

నాన్న బయటికి వెళ్లిపోయాడు.

ఆదోనిలో మిల్లు గేటు దగ్గర మనుషులు ఆయన కోసం కాచుకుని ఉన్నారు. "ఏమప్పా, బెల్టు యాడ?" అన్నాడొకడు. "గెలిసినేది ఆడనే ఇడిసిపెట్టి వచ్చిందంట గదా మీ సెల్లెలు" అన్నాడు ఇంకొకడు. ఆ తర్వాత నాన్న ఆమె పోటీల ఊసెత్తలేదు. పలకరింపులు, పండగలు మామూలుగానే ఉన్నాయి. ఆ ఒక్క మాట మాత్రం ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

అత్త ఇంకా కొన్నేళ్లు ఆడింది. గెలిచింది, ఓడింది, పరాయి దేశాలకూ వెళ్లి వచ్చింది. బెల్టు కోసం ఆడే అవకాశం మళ్లీ రాలేదు. మోకాలు మొరాయించాక ఎమ్మిగనూరు వచ్చేసి, ఇల్లు తీసుకుని, ఆ వీధి మలుపులోనే ఒక పాత వేరుశనగ గోదాము బాడుగకు పట్టి, ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది. ఆదివారాలు నేను వెళ్లి, ఓ మూల కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకూ ఆమె చెప్పే మొదటి మాట ఒకటే. "పట్టు తర్వాత సూపిస్తా. ముందు వదిలేది నేర్సుకో." ఎదుటి పిల్ల తట్టాక వదలడానికి ఒక్క క్షణం ఆలస్యం చేసిన పిల్ల ఆ సాయంత్రమంతా షట్టరు బయట కూర్చోవలసిందే. ఎంత బాగా ఆడే పిల్లయినా సరే.

నన్ను బండి మీద దింపేది నాన్నే. ఆయన లోపలికి వచ్చేవాడు కాదు. ఎదురుగా టీ అంగడి దగ్గర నిలబడేవాడు. "మీ నాయనకు టిక్కెట్టు కావల్లంటనా?" అని అత్త ఆయనకు వినబడేలా నన్నడిగేది. నాన్న ఇంకో టీ చెప్పేవాడు.

ఆమెను సాగనంపిన రోజు పత్తి తీతలు జోరుగా ఉన్నాయి. ఎమ్మిగనూరులో ఆమె ఇంటి ముందు ఆటోలు వచ్చి ఆగాయి. చేలల్లోంచి అట్లాగే వచ్చిన ఆడవాళ్లు దిగారు. వాళ్ల జుట్టులో, కొంగుల మీద దూది పింజలు అంటుకుని ఉన్నాయి. వెంట వాళ్ల కూతుళ్లు. ఆ ఆడవాళ్లలో ఒకామె నాన్న దగ్గరికి వచ్చింది.

"అన్నా, మాది గోనెగండ్ల. నా బిడ్డ మీ సెల్లెలు కాడ నేర్సుకుంటాండాది."

నాన్న తల ఊపాడు.

"మాది కూలిబతుకు. సెయ్యి ఇరిగితే నా బిడ్డ గతేందని మా ఆయన పంపనన్యాడు. అప్పుడు ఆమె సంగతి ఇంటిమి. గెలిసేదాన్ని గూడా పోనిచ్చి, ఎదుటి పిల్ల గొంతు వదిలినామె అని. ఇంగ బయమేముందని పంపిస్తిమి."

"ఆ ముంబై పోటీ సంగతి ఇన్యారా?" అన్నాడు నాన్న.

"అది ఇన్యాకనే గదన్నా మేమంతా పంపించింది."

నాన్న ఆ పిల్లల వైపు చూశాడు. పేర్లు కూడా ఆయనకు తెలియవు.

నిప్పుకుండ నాన్న చేతికిచ్చారు. నలుగురు మగవాళ్లు పాడె ఎత్తడానికి వంగారు. అప్పుడు అత్త దగ్గర నేర్చుకునే పిల్లల్లో పెద్దది ముందుకు వచ్చి, తాము మోస్తామని మెల్లగా అడిగింది. ఆడపిల్లలు పాడె పట్టే ఆనవాయితీ లేదని ఒక పెద్దాయన అడ్డు చెప్పాడు. గడప మీద కూర్చున్న జేజి తలెత్తింది. "బోనులోకి పొయ్యేది మాత్రం ఉన్నెనా అప్పా, ఆనవాయితీ?"

అందరూ నాన్న వైపు చూశారు.

"జరగండప్పా" అన్నాడు నాన్న. "నా సెల్లెలి పిల్లోల్లు వాళ్లు. వాళ్లే మోస్తారు."

నలుగురు పిల్లలు ఎత్తారు. గోనెగండ్ల పిల్ల పొట్టిది. ఆమె వైపు పాడె వాలింది. నాన్న కుండ కింద పెట్టి, తన భుజం మీది తువ్వాలు తీసి మడత మీద మడత వేసి, ఆ పిల్ల భుజానికీ కర్రకూ మధ్య దోపాడు. వెనక్కి జరిగి చూశాడు. ఇంకో మడత వేశాడు. పాడె సమంగా నిలిచింది.

జేజితో పాటు నేను గడప దగ్గరే ఉండిపోయాను. నాన్న కుండ మళ్లీ అందుకుని, ఉత్త భుజాలతో ముందు నడిచాడు. వెనక పిల్లలు, ఒకే అడుగు వేస్తూ, గోదాము మలుపు తిరిగేదాకా కనిపించారు.