దూలం పక్కన నిలబడ్డ మనిషి

పక్క గదిలో మనవలు టీవీలో హాస్య నాటికలు చూస్తున్నారు. గోడ అవతలి నుంచి నవ్వు వినిపించింది. దానికి ముందు ఒక చిన్న నిశ్శబ్దం, ఎవరో ఊపిరి బిగపట్టినంత సేపు. నా చెవి ఆ నిశ్శబ్దం దగ్గరే ఆగిపోయింది. లేచి వెళ్లి చూశాను. పేరున్న హాస్యనటుడొకడు గంతులు వేస్తున్నాడు. అతని పక్కన చేతిలో కాఫీ లోటాతో ఒక మనిషి, ముఖంలో ఏ మార్పూ లేకుండా నిలబడి ఉన్నాడు. ఆ లోటా కదలకపోవడం వల్లే గంతులకు అంత నవ్వు వస్తోంది. "ఆ పక్కనుండే ఆయప్ప పేరేంది?" అని అడిగాను. "ఎవురికి తెలుసు తాతా? జరుగు, కనపడల్యా" అన్నాడు చిన్నవాడు. జరిగి గుమ్మం దగ్గర నిలబడ్డాను. దేవదానన్న గుర్తొచ్చి, ఆయన్ను చూడాలని ప్రాణం కొట్టుకుంది.

బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసిన తర్వాతి రోజులవి. నేను ఊళ్లో ఒక బడిలో కొత్తగా చేరిన పంతుల్ని. దేవదానన్న హగరి స్టేషన్‌లో రైళ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. ఆదివారం ఉదయం రైలెక్కి మా చర్చికి ఆరాధనకు వచ్చేవాడు. మా సంఘంలో ఏటా పంట పండుగ ఘనంగా చేసేవాళ్లం. కంప్లి వైపు నుంచి వరి కంకులు, మెట్ట ఊళ్ల నుంచి జొన్న కంకులు, మిరపకాయలు, గుమ్మడికాయలు తెచ్చి మందిరంలో బల్ల ముందు పెట్టి దేవునికి స్తోత్రం చెల్లించేవాళ్లు. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆవరణలో పందిరి కింద యేసు చెప్పిన ఉపమానాలను చిన్న చిన్న హాస్య నాటికలుగా ఆడేవాళ్లం. చదువు రానివాళ్లకు వాక్యం అలా త్వరగా అందుతుందని మా పాస్టరు అయ్యగారి నమ్మకం.

మా ఇద్దరి నాటిక దూలం, నలుసు: తన కంట్లో దూలం ఉంచుకుని పొరుగువాడి కంట్లో నలుసు ఎంచేవాడి కథ. నేను కంట్లో దూలం ఉన్నవాణ్ణి. ఎండిన కిత్తనార కాడను తలగుడ్డతో నా నుదుటికి కట్టేవాళ్లు. చూడ్డానికి దూలమంత ఉంటుంది గానీ బరువుండదు. దేవదానన్న కంట్లో నలుసు పడ్డ పొరుగువాడు. నేను ఆ నలుసు తీస్తానని మీదికి పోవాలి, తిరిగినప్పుడల్లా దూలం ఆయన తలకు తగలబోవాలి, ఆయన వెంట్రుకవాసిలో వంగి తప్పించుకోవాలి. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవారు. నాటిక అయ్యాక నన్ను చుట్టుముట్టి నా జేబుల్లో బొరుగులు పోసేవారు. దేవదానన్న ఒక మూల చాపలు చుట్టేవాడు.

"అందురూ నన్నే మెచ్చుకుంటారు. నీకు బేజారు కాదాన్నా?" అని ఒకసారి అడిగాను.

"నువ్వు గుద్దేది జనం చూడల్ల సామేలప్పా. నేను వంగేది దేవుడు చూస్తే చాలు" అన్నాడు. తర్వాత, "ఒక మాట. నవ్వు దిగేదాకా నోరు తెరవొద్దు. పారుతాండే కాలవలో ఇంకో బిందె కుమ్మరిస్తే ఎవురికి కనిపిస్తాది?" అన్నాడు.

ఆయన చెప్పిన రెండింటిలో రెండోది మాత్రమే నేర్చుకున్నాను. మరుసటి ఏటికి ఎక్కడ ఆగాలో, ఎక్కడ అందుకోవాలో నాకు తెలిసిపోయింది. నవ్వు రుచి మరిగాను. రాసుకున్న మాటలు చాలవనిపించాయి.

దేవదానన్న భార్య అప్పటికి మూడేళ్ల కిందట సిరుగుప్పలో పుట్టింటికి పోయి తిరిగి రాలేదు. ఎందుకో మాకెవరికీ తెలియదు. ఆరాధన అయ్యాక ఆయన బస్టాండుకు వెళ్లి, సిరుగుప్ప బస్సు దిగేవాళ్లను చివరి మనిషి దాకా చూసి, అప్పుడు హగరి రైలెక్కేవాడు. అందరికీ తెలిసిన సంగతే. ఎవరూ నోటితో అనేవాళ్లు కాదు.

ఆ ఏడు పండుగలో, దూలం కట్టుకుని, ఆయన రెప్ప పైకెత్తి లోపలికి తొంగి చూసి నేనన్నాను: "ఇది నలుసు కాదప్పో! సిరుగుప్ప బస్సు!"

పందిరి ఊగిపోయింది. అంత నవ్వు నాకు అంతకు ముందు రాలేదు. దేవదానన్న జనానికి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు, కాబట్టి ఆయన కన్ను నిండడం నేనొక్కణ్ణే చూశాను. నవ్వు దిగేదాకా ఆయన ఆగాడు. తర్వాత నాటికలో రాసి ఉన్న మాటే, ఎప్పుడూ చెప్పే గొంతుతోనే చెప్పాడు: "ముందు నీ దూలం తీసి పక్కన పెట్టప్పా. ఆమేలే నా కన్ను చూద్దువు."

జనం మళ్లీ నవ్వారు. నా నుదుటి మీది కాడ ఆ క్షణంలో నిజమైన దూలమై మెడ వంచేసింది.

మా సంఘంలో ఒక కట్టుబాటు ఉండేది. నెలకొకసారి ప్రభువు బల్ల, అంటే యేసు జ్ఞాపకంగా పంచే రొట్టె, ద్రాక్షరసం, ఇచ్చే ముందు అయ్యగారు కాసేపు మౌనంగా నిలబడేవారు. ఎవరికైనా అన్యాయం చేసినవాళ్లు లేచి, అందరి ముందూ ఆ మనిషి చేయి పట్టుకుని తప్పు ఒప్పుకోవాలి. ఒప్పుకోనివాళ్లు రొట్టె ముట్టకూడదు. పండుగ తర్వాతి బల్లనాడు నేను లేవలేకపోయాను. నన్ను మెచ్చుకున్న ఆ జనం ముందే తల వంచడానికి నాకు మనసు రాలేదు. రొట్టె పళ్లెం నా దగ్గరికి వస్తే ముట్టకుండా పక్కకు పంపి చేతులు కట్టుకున్నాను. పక్కన దేవదానన్న. ఆయన కూడా పంపేశాడు.

బయటికొచ్చాక, "నువ్వెందుకు తీసుకోల్యా?" అని అడిగాను.

"జోడీగా ఆడినాం కదప్పా. నిన్నీడ ఇడిసిపెట్టి నేనొక్కణ్ణే యాడికి పోదును?"

"నీ తప్పేం లేదు కదన్నా."

"తొందర్లేదు. వచ్చే నెల కూడా బల్ల ఉండాది" అని బస్టాండు వైపు నడిచాడు.

వచ్చే నెల కూడా నేను లేవలేదు. ఆయనా ముట్టలేదు. మూడో నెలకు సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. భార్య లేనివాడు కదా, ఆయన్నే అనుమానించారు. సంఘపెద్ద నా ఎదుటే ఆయన్ను అడిగాడు: "ఏమప్పా దేవదానం, ఏం చేసుకున్యావు? బల్లకు దూరంగా ఉండావే?"

"నాకూ దేవునికీ ఒక పని ఉండాదిలేప్పా" అన్నాడు ఆయన, నా వైపు చూడకుండా. నాటికలో వంగి తప్పించుకునేవాడు, ఆ మాట కింద మాత్రం తల వంచకుండా నిలబడ్డాడు.

తర్వాతి బల్లకు ముందే ఆయనకు బదిలీ ఉత్తర్వు వచ్చింది, ఎక్కడో దూరం, గుంతకల్లు అవతలికి. ఆ బల్లనాడే ఆయనకు మా సంఘంలో ఆఖరి ఆదివారం. అయ్యగారు మౌనంగా నిలబడగానే లేచాను. ఆయన చేయి పట్టుకుని, పండుగనాడు నేనేం చేశానో, ఎందుకు చేశానో, ఈ నెలలన్నీ ఆయన ఎవరి కోసం రొట్టె ముట్టలేదో అందరికీ వినిపించేలా చెప్పాను. చెబుతూ ఏడ్చాను. దేవదానన్న నాతో పాటు నిలబడి అంతా విన్నాడు. నేను ముగించాక కాసేపు ఆగాడు.

"అయిందా అప్పా? అట్లయితే కూర్చుందాం. మోకాళ్లు నొస్తాండాయి."

సంఘమంతా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ మందిరంలో దేవదానన్నకు సొంతంగా దక్కిన నవ్వు అదొక్కటే. ఆయన ముఖం ఎర్రబడింది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని రొట్టె తీసుకున్నాం.

ఆ తర్వాత ఆయన్ను నేను చూడలేదు. రాసిన రెండు జాబులకు జవాబు రాలేదు. సిరుగుప్ప ఆమె ఎప్పటికైనా వచ్చిందో లేదో తెలియదు. బళ్లారి వదిలి ఎన్ని ఊళ్లు తిరిగినా, ఏ సంఘంలో కూర్చున్నా, పళ్లెం వచ్చినప్పుడు నా వరుసలో ఎవరైనా చేతులు కట్టుకుంటే నేనూ కట్టుకుంటాను. వాళ్లను ఏమీ అడగను. ఆరాధన అయ్యాక వాళ్లతో పాటు గేటు దాకా నడుస్తాను. కొందరు చెబుతారు, కొందరు చెప్పరు. పోయిన నెల ఒక అమ్మాయి గేటు దగ్గర ఆగి, "మీరెందుకు తీసుకోలేదు తాతగారూ?" అని అడిగింది. "తొందరేం లేదమ్మా, వచ్చే నెల కూడా బల్ల ఉంది" అన్నాను. ఆ మాట నా నోట సరిగా పలకదు. ఆయన నోట ఇంకొక్కసారి వినాలని ఉంది.