తిమ్మక్క పెట్టిన పథ్యం

తిమ్మక్క పచ్చకామెర్లకు మందు పోసేది. తనకల్లు ఊరి దగ్గరి పల్లెలో ఆదివారం పొద్దున్నే ఆమె ఇంటిముందు జనం కూర్చునేవారు. నేల ఉసిరి నూరి మేకపాలలో కలిపి ఇచ్చేది. డబ్బు ముట్టేది కాదు. మందు తాగాక ఇరవై ఒక్క రోజులు పథ్యం. ఎండ తగలకూడదు, బరువెత్తకూడదు, మూడుపూటలా సంగటి, మజ్జిగ తిని ఇంట్లో పడుకోవాలి. పథ్యంలో ఉన్నవాడికి ఎవరైనా పని చెబితే ఆ పాపం చెప్పినవాడి ఇంటికే చుట్టుకుంటుందని ఊరంతా నమ్మేది.

అక్కడికి మూడు మైళ్ళలో ఉన్న సర్కారు దవాఖానాలో నేను కాంపౌండర్ని. ఆమె పేరు వింటే ఒళ్ళు మండేది. మా సీసా మందుకు రానివాళ్ళు ఆమె పసరు కోసం పడిగాపులు కాసేవారు. చదువుకున్నానన్న పొగరు కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

1962లో కొత్తగా వచ్చిన చిన్న డాక్టరు ఏదో పత్రికలో చదివి ఒక సంగతి చెప్పాడు. ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు కోసేసినా పది రోజుల్లో మళ్ళీ పెరుగుతుందట. రెండు ఎలుకలను పక్కపక్కన కుట్టి, రక్తం కలిసేలా చేసి, ఒకదాని కాలేయం కోస్తే రెండోదానిలో కూడా పెరుగుదల కనిపించిందట. కణాలను పెరగమని చెప్పేదేదో రక్తంలోనే ఉంది, అదేమిటో ఇంకా ఎవరికీ తెలియదు అన్నాడు.

నేను ఆగలేదు. ఆ ఆదివారమే సైకిలేసుకుని వెళ్ళి అందరి ముందూ అడిగేశాను.

"తిమ్మక్కా, కార్జం దానంతటదే పెరుగుతాది. దాన్ని పెంచేది నెత్తురులోనే ఉండాది, నీ ఆకులో కాదు. ఎందుకు జనాన్ని మోసం చేస్తాండావు?"

ఆమె కోప్పడలేదు. ఎలుకల సంగతి రెండుసార్లు చెప్పించుకుంది.

"అట్లయితే ఇన్నేండ్లూ నేను చేసింది ఏమీ లేదా అయ్యా?"

"ఏమీ లేదు."

"మా అమ్మ కాలం నుంచి పోస్తాండాము. అబద్ధమని తెలీదు" అంది. నూరే బండ తీసి లోపల పెట్టేసింది. నేను యుద్ధం గెలిచినవాడిలా సైకిలెక్కాను.

మరుసటి ఎండాకాలం ఆమె తమ్ముడు ఓబులేసుకు కామెర్లు వచ్చాయి. అతను నారాయణప్ప దగ్గర జీతగాడు. నీళ్ళు అడుగంటితే బావి లోతు చేస్తున్నారు. తిమ్మక్క తమ్ముణ్ణి తన ఇంట్లో పడుకోబెట్టింది. నారాయణప్ప స్వయంగా వచ్చాడు.

"మందు తాగినాడా?"

"లేదప్పా. మందుతో పనిలేదంట. తిని పండుకుంటే కార్జం అదే పెరుగుతాదంట."

"మందే తాగనోనికి పథ్యమెందుకు? రేపు పనిలోకి రమ్మను."

అంతకుముందు ఇదే నారాయణప్ప ముగ్గురు జీతగాళ్ళను ఇరవై ఒక్క రోజులు కిమ్మనకుండా వదిలిపెట్టాడు. జాలితో కాదు, పాపభయంతో.

ఓబులేసు తొమ్మిది రోజులు బావిలో రాళ్ళు మోశాడు. పదో రోజు మాట తడబడింది, సొంత అక్కను గుర్తుపట్టలేదు. ఎద్దులబండిలో మా దవాఖానాకు తెచ్చారు. నా కళ్ళముందే పోయాడు. పడుకోబెట్టినా దక్కేవాడో లేదో చెప్పలేం అన్నాడు డాక్టరు. ఆ మాట నాకు ఊరట ఇవ్వలేదు, ఈనాటికీ ఇవ్వదు. తిమ్మక్క మందు పనిచేసింది రోగుల మీద కాదు, వాళ్ళను జీతానికి పెట్టుకున్న ఆసాముల మీద. కూలివాడికి పడుకునే హక్కు ఇప్పించే దారి ఆ ఊళ్ళో అదొక్కటే ఉండేది. దాన్ని నేను మూసేశాను.

దినాలు కాగానే వెళ్ళాను.

"తిమ్మక్కా, మల్లా మందు ఇయ్యి. మంచిదేనని నేనే అందరికీ చెప్తాను" అని బతిమాలాను.

"నువ్వు ఆపొద్దు చెప్పింది నిజమే కదా అయ్యా?"

తల వంచుకుని నిజమేనన్నాను.

"మరి నా మొగం చూస్తే కనుక్కుంటారు. అబద్ధమాడేది నాకు రాదు."

ఆమె ఇంకా ఎనిమిదేళ్ళు బతికింది. ఆమె గడప దాకా వచ్చిన రోగులు మందు లేక తిరిగి వెళ్ళేవారు. కొందరు మా దగ్గరికి వచ్చేవారు. మూడు వారాలు తిని పడుకోండి, అదే నయమవుతుంది అని చెప్పేవాణ్ణి.

"ఎవురు పండుకోనిస్తారు సార్?" అని అడిగేవారు.