మధును కట్టకుండా ఆదోనికి తెచ్చుకున్న పొద్దు

పిల్లలూ, పుణెలో ఉండి మీరు మీ మధుబావ సంగతి ఫోన్లో ముక్కలు ముక్కలుగా ఇనింటారు. రేపు మీరు గూడా ఈ దారిన రావల్ల గదా, అందుకే మీ అవ్వ నోటితోనే మొదటినుంచి చెప్తాండా.

అమావాస్య పొద్దున్నే మీ సుజాతత్త ఎమ్మిగనూరు నుంచి ఈడ ఆదోనికి, నాకు ఫోను చేసింది. కొడుకు మధు మూడు రాత్రులుగా కన్ను మూయలేదంట. గోడ అవతల ఎవరో తనను చంపేదానికి మాట్లాడుకుంటాండారంటాడంట. గాలి సోకిందని వాళ్ల పెద్దనాయన ఆటో మాట్లాడినాడంట. మధ్యాన్నం మిరపకాయల పొగతో దిష్టి తీసి, చేతులు కట్టి, గొలుసులేసి బాగు చేసే చోటికి తీసుకపోతాడంట.

"నేనొచ్చేదాంక పొయ్యి ముట్టించొద్దు తల్లీ" అన్నా.

పోయిన అమావాస్యకు ఇట్లే పొగేస్తే, తనను పొగబెట్టి చంపుతాండారని తలుపు పగలగొట్టుకోని బయటపడినాడు వాడు. అప్పుడే నేను ఆదోని ఆస్పత్రిలో డాక్టరమ్మను అడిగొచ్చినా. అది గాలీ కాదు, దిష్టీ కాదంట. మెత్ అనే మత్తుమందంట, పటికముక్క మాదిరి ఉంటాది, ఐసు అంటారంట. దూరం బాడుగలకు లారీ తోలేటప్పుడు నిద్ర రాకుండా మొదలుపెట్టినాడు. మనమేమో మావోడు నిద్ర అడగని డ్రైవరని ఊరంతా చెప్పుకుంటిమి.

ఎనిమిదిన్నర బస్సుకు స్టాండుకు పోయినా. ఆడ బొరుగుల ఉగ్గాని పొట్లం కట్టించుకున్నా. ఆడోళ్లకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టే, మర్చిపోకుండా తెచ్చుకోండి. ఊరు దాటకముందే పత్తి లారీలు అడ్డం. బస్సు కదలదు, నాకేమో కూచోబుద్ధి కాదు. పక్కన సి.బెళగల్ పోయే ఒకామె ఏమి కష్టమమ్మా అనడిగితే, మనవనికి బాగలేదన్నా. మత్తుమందు సంగతి గూడా దాచలేదు.

"పెండ్లి చెయ్యి, కుదురుకుంటాడు" అనింది.

"ఇంగొకరి బిడ్డకు గూడా నిద్ర ల్యాకుండా చేద్దామా తల్లీ?"

ఆమె నవ్వి, గాలి తగిలేట్టు కూచోమని నాకు కిటికీ పక్క సీటిచ్చింది.

గంటలో పోయే దారి, రెండు గంటలాయె. నేను దిగి ఇల్లు చేరేసరికి వాకిట్లో ఆటో ఉంది, సీటు మీద తాడు. అల్లుడు ఎటూ చెప్పలేక మగ్గం కాడ ఊరకే కూచున్నాడు. పొయ్యిలో నిప్పులు, చాటలో మిరపకాయలు. నేను చెంబెడు నీళ్లు నిప్పుల మీద పోసినా.

"అత్తా, నీకు తెల్దు. వాడిప్పుడు మనోడు కాదు" అన్నాడు పెద్దనాయన.

"ఈ పొద్దు నాకియ్యప్పా. పొద్దు గుంకేలోపల వాడు తనంతట తాను నాతో రాకుంటే నీ ఇష్టం."

అందరినీ టీకి పంపించి, మధు గడియేసుకున్న గది తలుపు ఎదురుగా కూచున్నా. భయపడినోన్ని చుట్టుముట్టొద్దు, అరవొద్దు, వాదించొద్దు అని డాక్టరమ్మ చెప్పింది. చేతిలో కత్తో కట్టో ఉన్నా, ఎదలో నొప్పన్నా, ఒళ్లు కాలిపోతాన్నా మాత్రం దూరంగా ఉండి బిరీన 108కి ఫోను చెయ్యమనింది.

చానాసేపటికి తలుపు సందులోంచి మాటొచ్చింది. "అవ్వా, ఎంతమందిని తెచ్చినావు?"

"ఒక్కదాన్నే నాయనా. ఉగ్గాని తెచ్చినా."

"గోడ అవతల మాట్లాడుతాండారు. ఇనపడలేదా?"

"నాకు ఇనపడలేదప్పా. నీకు భయమైతాందని మాత్రం తెలుస్తాంది."

"ముందు నువ్వు తిను."

రెండు ముద్దలు తిన్యా. అప్పుడు బయటికొచ్చి చెయ్యి చాపినాడు. బుగ్గలు లోపలికి పోయిండాయి. తిన్యాక చెప్పినా: తాడు లేదు, గొలుసు లేదు, డాక్టరమ్మ కాడికి బస్సులో పోదాము, తలుపు పక్క సీటులో కూచుందువు, ఎప్పుడు దిగాలంటే అప్పుడు దిగొచ్చు. ఒక సూదితో నయమైపోదనీ, చానా దినాలు పోయొచ్చి మాట్లాడల్లనీ గూడా దాచకుండా చెప్పినా. ఆలోచించి ఆలోచించి చెప్పులేసుకున్నాడు.

మూడింటి బస్సెక్కితిమి. వాడు ఎనక్కి తిరిగి తిరిగి చూస్తానే ఉండాడు. ఒక మోటార్ సైకిలు మా ఎనకాలే వస్తాందంట. నడుమ ఒక ఊర్లో బస్సు నిలబడంగానే దిగిపోయినాడు. వాని చొక్కా పట్టుకునేదానికి నా చెయ్యి ముందుకు పోయింది, ఎనక్కి తీసుకున్నా. ఎప్పుడు దిగాలంటే అప్పుడు దిగొచ్చని నేనే అంటిని గదా. కండక్టరును రోంచేపు ఆగప్పా అని బతిమాలుకున్నా.

ఆ మోటార్ సైకిలు వచ్చింది. ఒకాయన, ఎనకాల పచ్చిగడ్డి మోపు. మమ్మల్ని దాటుకోని పోయింది. అది కనపడకుండా పోయేదాంక చూసి, మధు మళ్లా బస్సెక్కినాడు. రోంత దూరం పోయినాక వాని తల నా భుజం మీద వాలింది.

ఆదోని స్టాండులో అందరూ దిగిరి. కండక్టరు అరవబోయి, వాని మొగం చూసి, "మెల్లగా లేపమ్మా" అని తనే కిందికి దిగిపోయినాడు. ఆస్పత్రి యాడికీ పోదు, రాత్రి గూడా తెరిచే ఉంటాది. వాడు తనంతట తాను లేసేదాంక అట్లే కూచుని, అప్పుడు పోయినాము.

ఇప్పుడు వారం వారం ఇద్దరమూ పోతాండాము. ఒక వారం ఎగ్గొట్టి మళ్లా ఆ మందు తీసుకున్నాడు. అట్లయితాదని డాక్టరమ్మ ముందే చెప్పింది, మళ్లా పిలుచుకోని పోయినా. మీరు ఫోను చేస్తే, ఏడ తిరుగుతాండావు బావా అని అడగొద్దండి. రాత్రి బాగా నిద్రపోయినావా అని అడగండి. నిద్రపోయినానంటే, అప్పుడు మెచ్చుకోండి.