సగానికి సగం కలిపితే

మా అన్న ఆదినారాయణ పోయి ఏడాది కావస్తోంది. మార్కాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. పరిశోధన ఎం.వి. ఆల్జీబ్రాల మీద. మామూలు తర్కంలో ఏ మాటైనా నిజమన్నా కావాలి, అబద్ధమన్నా కావాలి. అన్న చదివినదాంట్లో మాట పావు నిజం కావచ్చు, సగం నిజం కావచ్చు. అలాంటి విలువలను ఎట్లా కలపాలో, ఎట్లా తిరగేయాలో చెప్పే బీజగణితం అది. స్టాఫ్ రూములో "సగం నిజాల సారు" అని ఏడిపించేవాళ్లు. ఇంట్లో మేమెవరం అడిగేవాళ్లం కాదు.

అడిగింది మా నాయన రామసుబ్బయ్య ఒక్కడే. అదీ బోరు కోసం.

పుల్లలచెరువు దగ్గర మా బత్తాయి తోటకు ఉన్న ఒక్క బోరు ఒక వేసవిలో ఎండిపోయింది. కొత్త బోరుకు చోటు చూడమని నాయన, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నేలలో నీళ్లు చెప్పే యల్లయ్యను పిలిచినాడు. నీళ్లుంటే కాయ నిలువునా లేస్తుందంటారు. అతని అరచేతిలో కొబ్బరికాయ సగం లేచి ఆగింది.

"సగం పడతాయి మామా" అన్నాడు.

మా వైపు ఒకరి మాట మీద బోరు వేయరు. రెండో ఆయన వేపపుల్ల పట్టుకుని తోటంతా తిరిగి, అదే చోట నిలబడి, తనూ సగమే అన్నాడు.

నాయన ఫోను స్పీకర్లో పెట్టినాడు. "ఒరే ఆదీ, నీ లెక్కలో సగానికి సగం కలిపితే ఎంతరా?"

తన చదువు గురించి నాయన అడగడం అదే మొదలు. అన్న పొంగిపోయినాడు. "నిండా ఒకటి నాయనా! ఒకటంటే పూర్తి నిజం!"

మర్నాడే తోటలోకి రిగ్గు బండి వచ్చింది. సాయంత్రం దాకా రాతి దుమ్మే లేచింది. తడి తగల్లేదు.

అన్న బస్సు దిగి వచ్చేసరికి నాయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏందిరా నీ నిండా ఒకటి?"

"అది మాటల లెక్క నాయనా, నేలలో నీళ్ల లెక్క కాదు. అయినా కలపడం రెండు రకాలు. ఇదో అదో అన్నప్పుడు సగం సగం ఒకటి. ఇదీ అదీ రెండూ కావాలన్నప్పుడు అదే సగం సగం సున్నా."

"సున్నా కూడా ఉందా? ముందెందుకు చెప్పలా?"

"ఎంత అని అడిగితివి. ఎందుకో చెప్పితివా?"

"చదువుకున్నోడివి, నువ్వడగొద్దూ!"

అన్న చేతిసంచి నేలకేసి కొట్టినాడు. సగం నిజం వేరు, సగం అవకాశం వేరు అని ఎన్ని రకాలుగా చెప్పినా నాయనకు ఎక్కలేదు. ఇన్నేళ్లకు అడిగిన ఒక్క మనిషికీ అర్థం కాలేదు.

శ్రావణమూ ఎండగానే పోయింది. నాయన చెట్లు కొట్టడం మొదలుపెట్టినాడు. చివరి వరసలో ఒక చెట్టుకు ఒకే కొమ్మ పచ్చగా మిగిలి ఉంది. నాయన గొడ్డలి దించి, సెలవుకు వచ్చిన అన్నను అడిగినాడు.

"ఇది బతికిందంటావా, చచ్చిందంటావా?"

అన్న ఆ కొమ్మను వంచి ఆకులు తడిమినాడు.

"చచ్చింది నాయనా" అని గొడ్డలి అందుకున్నాడు.