గాలి అక్కర్లేని పాట

మొన్న మంగళవారం గుడివాడ నుంచి మా మేనకోడలు బందరు వచ్చి, తన ట్యాబ్ నా ఒళ్లో పెట్టింది. అందులో తన కీబోర్డు మీద మా ఆయన వాయించిన కీర్తన ఉంది. ఆయన పోయి ఆ రోజుకి ఏడాదీ పదకొండు రోజులు. ఆయన వాయింపు మిగిలింది అదొక్కటే. ఆదివారం చర్చిలో వినిపిస్తామని సంఘంవాళ్లు అన్నారు. విన్నాను. మొదటి నుంచి చివరిదాకా హెచ్చుతగ్గుల్లేకుండా ఒకే ధ్వనిలో మోగింది. ఏడుపు రాలేదు. ఏడాదిగా రావడం లేదు.

"ఇది మిడి ఫైలు. మిడి అంటే శబ్దం కాదత్తయ్యా, మావయ్య ఏ మెట్టు ఎప్పుడు నొక్కారో ఆ లెక్క," అంది. స్కూల్లో సంగీతం చెబుతుంది, నాకూ అలాగే చెప్పింది. "చరణానికి నాలుగుచోట్ల ఆగిపోయారు, పాపం. ఆ ఖాళీలు మూసేస్తే శుభ్రంగా ఉంటుంది."

హార్మోనియానికి ఎడమచేత్తో గాలి కొడుతూ కుడిచేత్తో వాయించాలి. పక్షవాతంతో ఆయన ఎడమచెయ్యి పడిపోయాక, ఎదురుగా కూర్చుని గాలి కొట్టింది నేను. తొమ్మిదేళ్లు, నాలుగు వందల అరవై ఎనిమిది ఆదివారాలు. నాకు జ్వరమొచ్చిన రెండూ తీసెయ్యాలి. పంక్తి చివరికి నా చెయ్యి అలిసి గాలి అయిపోయేది. "ఊపిరి తీసుకోవే, నేనెక్కడికీ పోను," అని ఆగేవారు. "మీ ఇద్దరి పాట అవనిగడ్డ పల్లెవెలుగు బస్సండీ, చెయ్యెత్తిన చోటల్లా ఆగుద్ది," అని ఒక సంఘపెద్ద వేళాకోళం చేసేవాడు.

కరెంటు కీబోర్డుకి గాలి అక్కర్లేదు. అయినా ఆగారు.

"మూయకు," అన్నాను. "ఇందులో గాలి ఎక్కడ కొడతారు?"

తెర మీద నిలువు గీతలో జారే చిన్న మీట చూపించింది. ఫేడర్ అట. పాట నడుస్తుండగా వేలితో పైకి జరిపితే ధ్వని పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. జరిపినదంతా మిడిలోకి ఎక్కుతుంది. సున్నా నుంచి నూట ఇరవై ఏడు దాకా.

"వందకి ఆపొచ్చుగా?"

"సున్నాతో కలిపి నూట ఇరవై ఎనిమిది, అత్తయ్యా."

అయితే సరే. సగం చేసుకుంటూ పోతే శేషం లేకుండా ఒకటి దాకా వస్తుంది.

వేలు పెట్టాను. పంక్తి మొదట తొంభై, చివరికి నలభై, ఖాళీలో సున్నా, మళ్లీ పైకి. ఆయన ఆగిన ప్రతిచోటా అందుకున్నాను.

"ఊపిరి బిగబట్టావేంటత్తయ్యా?" అంది మేనకోడలు.

ఖాళీ ఒక్కొక్కటి రెండు సెకన్లు. మూడు చరణాలకి పన్నెండు, మొత్తం ఇరవై నాలుగు సెకన్లు. ఏడాదీ పదకొండు రోజులుగా అవి నాకోసం అక్కడే ఆగి ఉన్నాయి; మిగతా కాలమంతా వెళ్లిపోయింది.